ఆర్డరు చేతికొచ్చాక: సర్కారు సరఫరాలో మన మహిళా సంఘాల చరిత్ర



ఈ వార్షిక సంచికలో ప్రతి ఏడాదీ పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి అప్పుల వివరాలు వస్తుంటాయి. ఈసారి మా సంఘం తరఫున ఇంకో సంగతి రాస్తున్నాం. ఇప్పుడు మన సంఘాలకు సర్కారు పనులు వస్తున్నాయి. బడి పిల్లల యూనిఫారాలు కుడుతున్నాం. వడ్ల కొనుగోలు కేంద్రాలు నడుపుతున్నాం. బడిలో వంట చేస్తున్నాం. ఎక్కడ మీటింగు పెట్టినా "ఆర్డరు ఎట్ల తెచ్చుకోవాలె" అనే మాటే ముందు వస్తది. వచ్చిన ఆర్డరును ఎట్ల నిలబెట్టుకోవాలె అనే మాట మాత్రం చివరలో, అందరూ లేచిపోయే టైముకు వస్తది.

నిజానికి ఆ రెండో మాటకే పెద్ద చరిత్ర ఉంది. మన దేశంలో మహిళా సంఘాల పేరు మీద ఎన్నో ఆర్డర్లు వచ్చాయి. కొన్నిచోట్ల సంఘాలు వాటితో నిలబడ్డాయి. కొన్నిచోట్ల పేరు సంఘానిది, పని ఇంకొకరిది అయింది. ఈ తేడా ఎక్కడ వచ్చిందో తెలుసుకుంటే మన రిజిస్టర్లు, మన సంతకాలు ఎందుకు ముఖ్యమో అర్థమైతది.

సంఘాలకు ముందు కాంట్రాక్టరు ఉండె

అంగన్‌వాడీ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. అప్పుడు దేశం మొత్తం మీద 33 బ్లాకుల్లోనే పెట్టారు. చిన్న పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు పోషకాహారం ఇవ్వడం అందులో ముఖ్యమైన పని. కేంద్రాలు పెరిగిన కొద్దీ ఆహారం కొనుగోలు కూడా పెరిగింది. చాలా రాష్ట్రాల్లో టెండరు పిలవడం, కాంట్రాక్టరు పొడి ప్యాకెట్లు పంపడం అలవాటైంది. ఊరి ఆడవాళ్లకు ఆ సరుకు ఎక్కడ తయారైందో, ఎవరు తయారు చేశారో తెలిసేది కాదు.

మన సంఘాలు అప్పటికి ఇంకా మొదటి అడుగుల్లో ఉన్నాయి. డ్వాక్రా పథకం 1982లో వచ్చింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరాటం 1992లో రాష్ట్రమంతా పాకింది. ఆ తర్వాత ఆ జిల్లాలో పొదుపు లక్ష్మి సంఘాలు పెరిగాయి. రోజుకు ఒక రూపాయి దాచుకోవడంతో మొదలైన సంఘాలు ఉన్నాయి. 2000 సంవత్సరంలో సెర్ప్ ఏర్పడి, వెలుగు కార్యక్రమంతో గ్రామ సమాఖ్యలు, మండల సమాఖ్యలు ఒక వరుసలోకి వచ్చాయి. అప్పటిదాకా మనం దాచుకునేవాళ్లం, అప్పు తీసుకునేవాళ్లం, కట్టేవాళ్లం. సర్కారుకు సరుకు ఇచ్చేవాళ్లుగా మనల్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

కోర్టు మాటతో తెరుచుకున్న తలుపు

2001లో రాజస్థాన్‌లో కరువు. గోదాముల్లో ధాన్యం నిండి ఉంది, ఊళ్లలో జనం పస్తులున్నారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో పీయూసీఎల్ అనే పౌర హక్కుల సంస్థ సుప్రీంకోర్టులో కేసు వేసింది. దానినే ఆహార హక్కు కేసు అంటారు. ఆ కేసులోనే 2001 నవంబరు 28న, సర్కారు బడుల్లో పిల్లలకు వండిన భోజనం పెట్టాలని కోర్టు ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరి నుంచి బడుల్లో వండి పెట్టడం మొదలైంది. ఆ వంట పని ఎక్కువ చోట్ల డ్వాక్రా సంఘాలకే వచ్చింది. మనలో చాలామంది అమ్మలు, అత్తలు మొదటిసారి సర్కారు బిల్లు మీద సంతకం పెట్టింది అప్పుడే.

అదే కేసులో 2004 అక్టోబరు 7న ఇంకో ఆదేశం వచ్చింది. అంగన్‌వాడీలకు ఆహారం సరఫరా చేయడానికి కాంట్రాక్టర్లను పెట్టకూడదని, ధాన్యం కొనడం, వండడం వంటి పనులకు వీలైనంత వరకు గ్రామ ప్రజలను, స్వయం సహాయక సంఘాలను, మహిళా మండళ్లను వాడుకోవాలని కోర్టు చెప్పింది. ఇది మనకు పెద్ద తలుపు. పథకం పైసలు ఊరి ఆడవాళ్ల చేతుల మీదుగా పోవాలని దేశంలోనే పెద్ద కోర్టు చెప్పినట్టు.

తలుపు తెరుచుకున్నాక లోపలికి ఎవరు పోయారనేదే తర్వాతి కథ.

పేరు ఆడవాళ్లది, పని కంపెనీలది

పక్క రాష్ట్రం మహారాష్ట్రలో ఏం జరిగిందో మనం తప్పకుండా తెలుసుకోవాలి. కోర్టు ఆదేశం తర్వాత అక్కడ అంగన్‌వాడీ పిల్లలు ఇంటికి తీసుకుపోయే పొడి ఆహారం సరఫరాను మహిళా మండళ్లకు ఇస్తున్నట్టు కాగితం మీద చూపించారు. కానీ టెండరులో పెద్ద మిషన్లు ఉండాలని షరతు పెట్టారు. ఊరి సంఘానికి అంత మిషనరీ ఎక్కడిది? చివరికి చాలా పెద్ద భాగం మూడు మహిళా మండళ్లకే పోయింది.

కోర్టు నియమించిన కమిషనర్లు ఈ సంగతి మీద విచారణ చేసి 2012లో నివేదిక ఇచ్చారు. ఆ మహిళా మండళ్లు తయారీ పనిని ప్రైవేటు కంపెనీలకు అప్పగించాయని అందులో రాశారు. అంటే టెండరులో పేరు ఆడవాళ్లది, తయారుచేసేది కంపెనీ. కాంట్రాక్టర్లు వద్దని కోర్టు చెప్తే, కాంట్రాక్టరు మహిళా మండలి బోర్డు వెనక నిలబడ్డాడు.

ఆ తర్వాత 2016లో మళ్లీ వేల కోట్ల రూపాయల టెండరు పిలిచారు. చిన్న సంఘాలు కోర్టుకు పోయాయి. వైష్ణోరాణి మహిళా బచత్ గట్ పేరు మీద ఉన్న కేసులో 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. షరతులు చిన్న సంఘాలు అందుకోలేని తీరుగా, పెద్దవాళ్లకు కలిసొచ్చేటట్టు ఉన్నాయని చెప్పి, ఇచ్చిన పనులను రద్దు చేసింది. కొత్తగా టెండరు పిలవమని చెప్పింది.

బచత్ గట్ అంటే మరాఠీలో పొదుపు సంఘం. మనలాంటి సంఘమే. ఒక పొదుపు సంఘం పేరు ఢిల్లీ కోర్టు తీర్పు మీద ఉంది. ఇంకోవైపు, మహిళా మండలి అనే పేరే కంపెనీలకు ముసుగైంది. రెండూ ఒకే రాష్ట్రంలో, ఒకే పథకంలో జరిగాయి.

చిన్నగా ఉండి నిలబడినవాళ్లు

"ఊరి ఆడవాళ్లతో ఇంత పెద్ద సరఫరా అయ్యే పనేనా" అని అడిగేవాళ్లకు కేరళ జవాబు చెప్పింది. అక్కడ కుటుంబశ్రీ 1998లో మొదలైంది. 2006లో కాసర్‌గోడ్‌లో ఉన్న కేంద్ర తోట పంటల పరిశోధన సంస్థ సాయంతో అమృతం న్యూట్రిమిక్స్ అనే పొడి తయారీ మొదలుపెట్టారు. గోధుమ, శనగలు, సోయా, పల్లీలు, చక్కెర కలిపి చేసే పొడి అది. ఆరు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లల కోసం అంగన్‌వాడీలకు పోతది.

అక్కడివాళ్లు ఒకటే పెద్ద ఫ్యాక్టరీ పెట్టలేదు. రాష్ట్రమంతా రెండు వందలకు పైగా చిన్న యూనిట్లు పెట్టుకున్నారు. ఒక్కో యూనిట్‌లో కొద్దిమంది ఆడవాళ్లు ఉంటారు. ఏ యూనిట్ ఏ అంగన్‌వాడీలకు ఇవ్వాలో ముందే పంచుకున్నారు. జిల్లాకొక కన్సార్టియం, అంటే యూనిట్ల ఉమ్మడి సంఘం, పెట్టుకున్నారు. అందరూ ఒకే పాళ్లలో కలపాలి, శాంపిల్ ల్యాబ్‌కు పోవాలి. చిన్నగా ఉండి కూడా పెద్ద సరఫరా చేయొచ్చని, దానికి అందరికీ ఒకే కొలత, ఒకే రికార్డు ఉండాలని వాళ్లు చూపించారు.

ఒడిశాలో 2011లో అంగన్‌వాడీ ఆహారం కొనుగోలును కింది స్థాయికి తెచ్చారు. ఛతువా అనే పొడిని సంఘాలే వేయించి, పిండి పట్టించి, ప్యాకెట్లు కట్టి ఇచ్చే పద్ధతి వచ్చింది. తమిళనాడులో బడి పిల్లల యూనిఫారాలు కుట్టేది మహిళా కుట్టు సహకార సంఘాలు. వీటన్నింటిలో కనిపించేది ఒకటే. పని సభ్యుల చేతుల్లోనే జరుగుతది, లెక్క సభ్యుల ముందే ఉంటది.

రిజిస్టరు వెనక ఉన్న ప్రాణాలు

రిజిస్టర్లు అంటే మనకు విసుగు. ఇన్ని సంతకాలు ఎందుకని అనుకుంటాం. 2013 జులై 16న బీహార్‌లోని సారణ్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో పురుగుల మందు కలిసిందని తేలింది. ఆ తర్వాత దేశమంతా నియమాలు గట్టిపడ్డాయి. పిల్లలకు పెట్టేముందు పెద్దవాళ్లు రుచి చూడాలి. 2015లో వచ్చిన మధ్యాహ్న భోజన నియమాల్లో భోజనం శాంపిళ్లు పరీక్ష చేయించాలని కూడా పెట్టారు.

కాబట్టి స్టాకు రిజిస్టరులో "నూనె, ఎన్ని లీటర్లు, ఏ తేదీ, ఎక్కడ కొన్నది" అని రాసే లైను ఆఫీసు కోసం రాసే లైను కాదు. పిల్లలు తినే తిండి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే లైను అది. ఆ లైను రాసే అక్క చేతిలో పిల్లల ప్రాణం ఉంది.

మన దగ్గరికి వచ్చిన పనులు

మన వైపు సంఘాలు వడ్ల కొనుగోలులోకి 2000ల మధ్యలో వచ్చాయి. మొదట్లో "ఆడవాళ్లు కాంటా పెడతారా" అని నవ్వినవాళ్లు ఉన్నారు. ఇప్పుడు సీజన్ వచ్చిందంటే ఐకేపీ సెంటర్ ఎప్పుడు తెరుస్తారని రైతులే వచ్చి అడుగుతున్నారు. ఆ సెంటర్లు మనకు పెద్ద బడి. తేమ 17 శాతం దాటితే వడ్లు తీసుకోవద్దు. తీసుకుంటే మిల్లు దగ్గర కోత పెడతారు, ఆ కోత రైతు మీదనో సంఘం మీదనో పడతది. ఎన్ని గన్నీ సంచులు వచ్చాయి, ఎన్ని నిండినవి పోయాయి, ఎన్ని చినిగినవి మిగిలాయి అనేది లెక్క తేలాలి. లారీ వెంట పోయే ట్రక్ షీట్, మిల్లు నుంచి వచ్చే రశీదు రెండూ కలవాలి. వడ్లు కొన్న సంఘాలు ఇవన్నీ నేర్చుకున్నాయి. ఆ అలవాటే తర్వాత వచ్చిన పనులకు పునాది అయింది.

2024లో తెలంగాణలో బడి పిల్లల యూనిఫారాలు కుట్టే పని మహిళా సంఘాలకు ఇచ్చారు. కుట్టు కూలి జతకు 50 రూపాయల నుంచి 75 రూపాయలకు పెంచారు. ఒక్కో పిల్లకు రెండు జతలు. 100 మంది పిల్లలున్న బడి అంటే 200 జతలు, కూలి 15,000 రూపాయలు. దారం, గుండీలు, కరెంటు, బడికి మోసే ఖర్చు పోను మిగిలేదే మనది. అంటే ఒక్క తాన్ తక్కువ వచ్చినా, పది చొక్కాలు సైజు తప్పినా మిగిలేది ఏమీ ఉండదు. అందుకే మా సంఘం పని మొదలుపెట్టేముందు పద్ధతి పెట్టుకుంది. ఇప్పుడు వేరే సంఘాలు అడుగుతున్నాయి కాబట్టి ఇక్కడ రాస్తున్నాం.

ఆర్డరు కాగితం రాగానే మీటింగులో అందరి ముందు చదివాం. ఎన్ని జతలు, ఏ తేదీకి, ఏ బడికి, ఎవరు చూసి ఒప్పుకుంటారు, ఆలస్యమైతే ఏమవుతుంది, బిల్లుకు ఏ కాగితాలు పెట్టాలి అనే ఆరు సంగతులు మినిట్స్ పుస్తకంలో రాసుకున్నాం. చదువు రాని అక్కలు కూడా తేదీ మాత్రం నోటికి చెప్పేవాళ్లు.

కొలతలు బడికి పోయి మేమే తీసుకున్నాం. పిల్ల పేరు, తరగతి, పొడవు, ఛాతీ, నడుము రాసి సారుతో సంతకం పెట్టించాం. బట్ట దిగిన రోజే తాన్లు విప్పి మీటరుతో కొలిచాం. చలాన్‌లో రాసిన దానికి, కొలిచిన దానికి తేడా ఉంటే ఆ చలాన్ మీదనే తేడా రాసి, తెచ్చినాయనతో సంతకం పెట్టించాలి. మర్నాడు ఫోను చేసి చెప్తే దానికి విలువ ఉండదు.

కటింగ్ ఒక్కచోటనే చేశాం. ఇళ్లకు ముక్కలు పంచేటప్పుడు ఎవరికి ఎన్ని ఇచ్చాం, ఎన్ని తిరిగి వచ్చాయి అని రాసుకున్నాం. ఒక్కో సైజుకు మొదటి జత కుట్టి, బడికి తీసుకుపోయి పిల్లకు వేసి చూశాకనే మిగతావి కుట్టాం. కాజాలు, గుండీలు చూడడానికి ఇద్దరు అక్కలను వేరేగా పెట్టాం. మిగిలిన బట్ట ముక్కలు కూడా లెక్కలో రాశాం, ఎందుకంటే ఆ బట్ట సర్కారుది.

ఇట్ల నడుస్తుండగానే ఒకాయన మా దగ్గరికి వచ్చాడు. పట్నంలో తనకు పెద్ద కుట్టు యూనిట్ ఉందని, మేము కష్టపడాల్సిన పని లేదని, బట్ట తనకు ఇస్తే కుట్టి తెస్తానని, బిల్లు పడ్డాక జతకు ఇంత అని సంఘానికి ఇస్తానని చెప్పాడు. ఆ మాట సభ్యుల ముందు పెట్టాం. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు, ఆరోగ్యం బాగలేనివాళ్లు కొందరు ఒప్పుకుందామన్నారు. వాళ్ల బాధ కూడా నిజమే. చివరికి ఒక అక్క అడిగిన ప్రశ్నతో మాట ముగిసింది. "చొక్కా కుట్లు ఊడితే బడి సారు ఎవరిని పిలుస్తడు, ఆయననా మననా?" ఆ రోజే తీర్మానం రాశాం. ఈ ఆర్డరు బట్ట మన సభ్యుల ఇళ్లు, మన కుట్టు సెంటరు దాటి పోవద్దని.

మహారాష్ట్ర కథ మన ఊరికి ఇట్లనే వస్తది. పెద్ద టెండరుగా రాదు. "మీ పేరు ఇస్తే చాలు" అనే చిన్న మాటగా వస్తది.

బిల్లు దగ్గర మనకున్న హక్కులు

సరుకు ఇచ్చాక పైసలు రాకపోవడం పాత బాధ. దీనికి చట్టం ఉందని మనలో చాలామందికి తెలియదు. 2006లో వచ్చిన సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల చట్టం ప్రకారం, నమోదైన చిన్న యూనిట్ నుంచి సరుకు గానీ సేవ గానీ తీసుకున్నవాళ్లు ఒప్పందంలో రాసిన గడువు లోపల పైసలు ఇవ్వాలి. ఆ గడువు 45 రోజులు మించకూడదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల చొప్పున చక్రవడ్డీ ఇవ్వాలి. ఇవ్వకపోతే రాష్ట్రంలో ఉన్న ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. ఇందుకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 నుంచి అది ఆన్‌లైన్‌లో ఉచితంగా చేస్తున్నారు. స్వయం సహాయక సంఘం పేరు మీద కూడా చేసుకోవచ్చు.

అదే చట్టంలో ఇంకో మాట ఉంది. సరుకు అందిన 15 రోజుల లోపల తీసుకున్నవాళ్లు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజునే ఒప్పుకున్నట్టు లెక్క. అందుకే అప్పగించిన రోజు చలాన్ మీద తేదీ, సంతకం, ముద్ర మూడూ ఉండాలి. తేదీ లేని రశీదు ఉంటే 45 రోజులు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలె? సరుకు ఇచ్చి, "మళ్లీ వచ్చి రశీదు తీసుకుంటాం" అని వెనక్కి రావద్దు.

బిల్లులో టీడీఎస్ కింద కొంత పట్టుకుంటే భయపడొద్దు. అది ఎవరో తిన్న పైసలు కాదు, సంఘం పాన్ నంబరు మీద పన్ను కింద జమ అయినవి. పాన్ తప్పు రాస్తే మాత్రం అవి మన పేరు మీద కనపడవు. కాబట్టి బిల్లు మీద సంఘం పేరు, బ్యాంకు అకౌంటు పేరు, పాన్ పేరు ఒకే తీరుగా ఉన్నాయా అని చూసుకోవాలి. పట్టుకున్న దానికి సర్టిఫికెట్ అడిగి ఫైలులో పెట్టుకోవాలి.

పైసలు సంఘం అకౌంటులో పడ్డాక సభ్యులకు పంచే లెక్క కూడా అందరి ముందే చదవాలి. ఎవరు ఎన్ని జతలు కుట్టారో పంపిణీ రిజిస్టరులో ఉంటది కాబట్టి గొడవ రాదు. ఆడిట్ వచ్చినా అదే రిజిస్టరు చూపిస్తాం.

సమాఖ్య ముందు పెట్టే మాట

1975లో ప్యాకెట్ ఎవరు చేశారో ఊరికి తెలియదు. 2004లో ఆ పని ఊరి ఆడవాళ్లకే ఇవ్వమని కోర్టు చెప్పింది. ఆ మాట నిలబడ్డది సంఘాలు సొంత చేతులతో పని చేసి సొంత లెక్క రాసుకున్న చోటనే. పేరు అద్దెకు పోయిన చోట పాత కాంట్రాక్టరే కొత్త బోర్డుతో తిరిగి వచ్చాడు. ఒక సంఘం పేరు పాడైతే పక్క సంఘానికి కూడా ఆర్డరు రాదు. "ఆడవాళ్లతో కాదు" అనడానికి ఎదురుచూసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

అందుకని సమాఖ్య ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాం. సర్కారు ఆర్డరు తీసుకున్న ప్రతి సంఘం ఆర్డరు కాగితాన్ని సభ్యులందరి ముందు తెలుగులో చదివి వినిపించాలి. పనిని బయటివాళ్లకు అప్పగించబోమని తీర్మానం రాసి, దాని నకలు గ్రామ సమాఖ్యకు ఇవ్వాలి. సంఘానికి చేతకానంత పెద్ద ఆర్డరు వస్తే బయటివాళ్ల దగ్గరికి పోకుండా, రాతపూర్వకంగా అనుమతి తీసుకుని సమాఖ్యలోని పక్క సంఘాలతో పంచుకోవాలి. కేరళ అక్కలు చేసింది ఈ తీరు పనే.

వచ్చే మహాసభలో ఈ మూడింటి మీద చర్చ పెట్టాలని కోరుతున్నాం. అభ్యంతరాలు ఉన్న అక్కలు మీ గ్రామ సమాఖ్య మీటింగులో చెప్పి, మినిట్స్‌లో రాయించి పంపండి. యూనిఫారాల కొలతల రిజిస్టరు, పంపిణీ రిజిస్టరు నమూనాలు మా సంఘం దగ్గర ఉన్నాయి. ఎవరు అడిగినా చూపిస్తాం.

ఇట్లు
మీ తోటి సంఘం సభ్యులు, లీడరు